పరదా వెనక పూత

పోయిన వారం సబీహాను పుట్టింటి పెరటి గుమ్మం దగ్గర నిలబెట్టి వదిలేశాం. పాపం, ఆ పిల్లను వారం పాటు అలా నిలబెట్టినందుకు నాకే మనసొప్పలేదు. అయినా లోపలికి పంపేముందు జరిగింది ఒకసారి తలచుకోవాలి.

ఈ ఏడు మలీహాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో మామిడి పూత పూతలా రాలేదు. లేత గులాబి కాడలతో పొడుగ్గా, వదులుగా వేలాడాల్సిన గుత్తులు పిడికిళ్లలా ముడుచుకుపోయాయి. ఒత్తుగా, లావుగా, ఆకుపచ్చగా అలాగే ఉండిపోయాయి. వాటిలో పిందె అన్న మాటే లేదు. ఊరంతా నెత్తీ నోరూ బాదుకుంటుంటే, సబీహా తమ్ముడు అజ్మల్ తోట ఒక్కటే పిందె కట్టింది. అదే అతని కొంప ముంచింది. ఊళ్లో చెట్ల మొదళ్లలో సీసా మందు పోసేది అతనొక్కడే. "వాడి హార్మోను మందు కాలవ నీళ్లలో కలిసి మన చెట్లను చెరిచింది, మన పంటంతా వాడి చెట్లు తాగేశాయి" అని పెద్దలు తేల్చేశారు. శుక్రవారం నమాజు అవగానే అజ్మల్ తోటను మొదలంటా నరికెయ్యాలని నిర్ణయం. ఆ మాట చెవినపడగానే అజ్మల్ తోట మధ్యలో మంచం వేసుకుని కూర్చున్నాడు. ముందు తనను నరికి, ఆ తర్వాత చెట్ల జోలికి రమ్మన్నాడు.

సబీహా ఊరుకోలేదు. అత్తవారి తోటలోంచి నాలుగు పాడు గుత్తులు తుంపుకుని పండ్ల పరిశోధనా కేంద్రంలో డాక్టర్ అవస్థి దగ్గరికి వెళ్లింది. ఆవిడ గుత్తిని చీల్చి చూసి, రోగం సంగతి వివరంగా చెప్పి, చివరికి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "ఈ చెట్టుకు అంటు ఎక్కడిదమ్మా?"

ఆ ప్రశ్న పట్టుకునే సబీహా ఇప్పుడు పుట్టింటి పెరట్లోకి వచ్చింది. శుక్రవారం పొద్దెక్కింది. మగాళ్లు మసీదుకు బయల్దేరే వేళ.

పెరట్లో తల్లిచెట్టు ఉంది. ఆ చుట్టుపక్కల దశేరి మామిడి తోటలన్నిటికీ అంటు దాని నుంచే వెళ్లిందని చెప్పుకుంటారు. ఆ ఇంటి ఆడపిల్ల పెళ్లై వెళ్లేటప్పుడు తల్లిచెట్టు అంటుమొక్కను ఒళ్లో పెట్టుకుని వెళుతుంది. అత్తవారింటి బావి దగ్గర తన చేతుల్తో నాటుతుంది. దాన్ని కూతురుచెట్టు అంటారు. అది ఎదిగాక అత్తవారు దాని కొమ్మలు కోసి తోటంతా అంటు కట్టుకుంటారు. తల్లిచెట్టు ఉన్న ఇంటి మాట అంటే అంత గౌరవం కాబట్టే, ఊళ్లో పచ్చని చెట్టు కొట్టాలంటే ఆ ఇంటి పెద్ద నోట మాట రావాలి. ఇప్పుడా పెద్ద సబీహా నానమ్మ హుస్నారా బేగం. ఊరంతటికీ బడీ బీ. సబీహాకు దాదీ.

ఇంకో ఆచారం కూడా ఉంది. మొగ్గ ఉబ్బిన రోజు నుంచి పిందె ఆవగింజంత అయ్యేదాకా తల్లిచెట్టు మీద ఎవరి కళ్లూ పడకూడదు. అందుకని చుట్టూ వెదుళ్లు పాతి, పాత దుప్పట్లు కట్టి పరదా వేస్తారు. లోపలికి వెళ్లేది దాదీ ఒక్కతే. సబీహాకు చిన్నప్పుడు ఒకసారి ఆ పరదా సందులోంచి తొంగి చూసినందుకు వీపు చిట్లింది. అప్పటి నుంచి ఆ వైపు చూస్తేనే భయం.

ఈ రోజు ఆ భయాన్ని గుమ్మం దగ్గరే వదిలేసి దుప్పటి పైకెత్తింది.

ముందు నేల చూసింది. పూత కాలంలో మామిడి చెట్టు కింద నేల ఎలా ఉంటుందో తోటలో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. రాలిన పూరేకులు, తేనెమంచు జిగురు, చీమల బారులు. ఇక్కడ నేల అద్దంలా ఊడ్చి ఉంది. తర్వాత తలెత్తి చూసింది. అక్కడక్కడ మంచి పూత ఉంది. కానీ ప్రతి రెండు కొమ్మలకూ ఒక కొమ్మ కొస తెగి ఉంది. కొన్ని గాట్లు పాతబడి నల్లబారాయి. కొన్నింటి నుంచి ఇంకా పాలు కారుతున్నాయి. సొన వాసన ముక్కు పుటాలను అదరగొట్టింది.

చెట్టు మొదట్లో పీట మీద నిలబడి దాదీ వెదురు కర్రకు కట్టిన కొడవలితో ఓ గుత్తిని లాగుతోంది. పక్కన బుట్ట నిండా గుత్తులు. పిడికిళ్లలాంటి గుత్తులు.

సబీహా ఎత్తిన దుప్పటి అలాగే పట్టుకుని పిలిచింది.

"దాదీ!"

ముసలామె ఉలిక్కిపడలేదు. గుత్తి తెగి కింద పడేదాకా ఆగి, అప్పుడు చూసింది. "పరదా దించవే. దుమ్ము పడుతోంది."

"ఏంటిది?"

"కళ్లు అత్తవారింట్లో పెట్టొచ్చావా? మామిడి పూత."

"ఇది పూతా? ఇది మా మామగారి తోటను తినేసిన పీడ! అది మన తల్లిచెట్టు మీద ఏం చేస్తోంది?"

"గొంతు తగ్గించు. గోడవతల జనం మసీదుకెళ్తున్నారు."

సబీహా బుట్టలోంచి ఓ గుత్తి తీసి చేత్తో నొక్కి చూసింది. గట్టిగా, బరువుగా ఉంది. అత్తవారి తోటలో నెల రోజులుగా కళ్ల నీళ్లతో చూస్తున్నది అదే.

"ఎప్పట్నుంచి, దాదీ?"

దాదీ పీట దిగింది. కొడవలి చెట్టుకు ఆనించింది. ఇక దాచి ఏం లాభం అనుకుందో, మోయలేక అలసిపోయిందో, పీట మీద కూర్చుని మోకాళ్లు పట్టుకుంది. "మీ తాత పోయిన ఏడు మొదలు."

"అంటే నేను పుట్టకముందు నుంచా!"

"అప్పుడు ఒక్క కొమ్మకే వచ్చింది. దిష్టి అనుకున్నా. మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశా. గుత్తులు విరిచి వాటినీ వేశా. ఆ ఏడు చెట్టు విరగ్గాసింది. పీడ పోయిందనుకున్నా. మరుసటేడు ఇంకో కొమ్మకొచ్చింది. విరిచా. మళ్లీ కాసింది. విరిస్తే కాస్తోంది కదా, ఇంక ఎవరికి చెప్పి ఏం లాభం?"

"మరి అంటుకొమ్మలు? వాటిని ఎక్కణ్నుంచి కోశావు?"

"మంచి కొమ్మల నుంచే. ఏ మచ్చా లేని కొమ్మలు. నా కళ్లతో చూసి కోశా."

"కంటికి కనబడితే అది రోగమెందుకు అవుతుంది దాదీ!" సబీహా గుత్తిని నేలకేసి కొట్టింది. "డాక్టరమ్మ చెప్పింది. అదొక బూజు. తొక్క కింద, మొగ్గ లోపల దాక్కుంటుంది. కంటికి ఆనని నల్లి దాన్ని ఓ మొగ్గ నుంచి ఇంకో మొగ్గకు మోస్తుంది. అంటుకొమ్మ ఎక్కడికెళ్తే అదీ అక్కడికెళ్తుంది. ఏళ్ల తరబడి లోలోపలే పెరిగి ఈ ఏడు అన్ని తోటల్లో ఒక్కసారే బయటపడింది. చెట్టులో పెరగమని చెప్పే రసాలుంటాయి, ఆగమని చెప్పే రసాలుంటాయి. హార్మోన్లంటారు. వాటి పొత్తు కుదిరితేనే పూత పిందె అవుతుంది. ఈ బూజు చేరితే ఆ పొత్తు చెడిపోతుంది. పెరగమనే రసాలే మిగులుతాయి. గుత్తి లావెక్కుతుంది, పచ్చగా ఉండిపోతుంది. పూసేవన్నీ మగపూలే. ఇంక పిందె ఎక్కణ్నుంచొస్తుంది?"

దాదీ పెదవి విరిచింది. "పెరగమనేవాళ్లే తప్ప ఆగమనేవాళ్లు లేకపోతే ఏమవుతుందో డాక్టరమ్మ చెప్పాలా? నిన్ను చూస్తే తెలీడం లేదూ?"

"నీకు వెటకారం ఎలా వస్తోంది దాదీ? అక్కడ అజ్మల్..."

"వాడి మందు మాటేంటి మరి? అదీ హార్మోనే అన్నావుగా పోయినసారి."

"హార్మోను మందే. కొమ్మను పొడుగు సాగనివ్వకుండా ఆపుతుంది. ఆ బలం పూతకు వెళుతుంది. మోతాదు ఎక్కువైతే పూత పొట్టిగా, ముద్దగా వస్తుంది. వాడికి చెయ్యి ఆగదు, ఎక్కువే పోశాడు. అందుకే జనం వాడి గుత్తుల్నీ వీటినీ చూసి రెండూ ఒకటే అనుకున్నారు. కానీ వాడి గుత్తిలో పిందె ఉంది! వాడి తోటలో ఈ రోగం లేదు. ఎందుకు లేదో తెలుసా? నీతో పోట్లాడి వాడు తల్లిచెట్టు అంటు తీసుకోలేదు. పై ఊరి నుంచి మొక్కలు కొనుక్కొచ్చాడు. ఊళ్లో మన చెట్టు అంటు లేనివాడు వాడొక్కడే. శుభ్రంగా ఉన్నదీ వాడొక్కడే."

ముక్కలు ముక్కలుగా తెలిసిన సంగతి మొదటిసారి సబీహా నోటి నుంచి ఒక్క వాక్యంగా వచ్చింది. ఊరి తోటలన్నీ ఈ పెరటి నుంచే చెడ్డాయి. పెళ్లి పందిట్లో దీవెనలతో, పసుపు గుడ్డల్లో చుట్టి మరీ పంచారు.

"నువ్వు బయటికొచ్చి చెప్పాలి దాదీ. ఇప్పుడే. వాళ్లు నీ మాట కోసం మన గడపకే వస్తారు. 'అజ్మల్ తప్పు లేదు, రోగం మా చెట్టుది' అని ఒక్క మాట చెప్పు. వాడు బతుకుతాడు."

దాదీ మనవరాలి చెయ్యి పట్టుకుని కిందకు లాగి కూర్చోబెట్టుకుంది. అరచెయ్యి సొనతో జిగటగా ఉంది.

"చెబుతా. చెప్పాక ఏమవుతుందో నువ్వు చెప్పు. ఈ ఇంటి ఆడపిల్లలు ఎన్ని ఊళ్లలో ఉన్నారే? అందరి బావి దగ్గరా ఒక చెట్టుంది. ఆ చెట్టు తెచ్చిందెవరు? నేనా? వాళ్లు. మీ మెహ్రున్ అత్త గుర్తుందా?"

గుర్తుండకపోవడమేం. పండక్కి పుట్టింటికి వచ్చినా నవ్వని మనిషి. చెట్టు నీడన కూర్చోమంటే ఎండలో కూర్చునే మనిషి.

"మెహ్రున్ కూతురుచెట్టు మొదటి పూతకే ఇలా వచ్చింది. అప్పటికి ఎవరికీ ఈ రోగం పేరు తెలీదు. వాళ్లత్త ఒక్కటే మాటంది. 'పాడు కాలు పెట్టావు, పాడు చెట్టు తెచ్చావు' అని. అంతే. మొగుడు ఇంకో పెళ్లి చేసుకున్నాడు. అది ఆ ఇంట్లోనే మూల కూర్చుని ముసలిదైపోయింది. ఒక్క చెట్టుకే దాని బతుకు అలా అయింది. ఇప్పుడు తోటలకు తోటలే పోయాయి. నేను బయటికెళ్లి నోరు విప్పితే, ఆ పిల్లలందరినీ వాళ్ల ఇళ్ల నుంచి నేనే లాగి బయట పడేసినట్టు. నీ మామ మక్సూద్ ఖాన్ మొన్న మసీదు మెట్ల మీద ఏమన్నాడో విన్నావా?"

సబీహా వింది. ఊరంతా వింది. ఈ పీడను తన నేల మీదికి తెచ్చింది ఎవరైనా సరే, వాళ్లు మళ్లీ తన గడప తొక్కరని ఒట్టు పెట్టుకున్నాడు. అజ్మల్‌ను ఉద్దేశించి అన్న మాట అది. మక్సూద్ ఖాన్ తోటంతా బావి దగ్గరి సబీహా చెట్టు కొమ్మలతో అంటు కట్టిందే. ఈ సంగతి ఆమెకు తట్టలేదని కాదు. తట్టినా అటు తల తిప్పలేదు. తమ్ముడి గొడవలో పడి తన కాళ్ల కింద నేల ఎలా ఉందో చూసుకోలేదు.

ఇప్పుడు చూసుకుంది.

కానీ అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి, మెల్లగా, ఆలస్యంగా తలకెక్కింది.

"ఆగు దాదీ. మెహ్రున్ అత్త చెట్టు సంగతి నీకు ఎప్పుడు తెలిసింది?"

దాదీ చెయ్యి వదిలేసింది.

"నా పెళ్లికి ముందా? తర్వాతా?"

"సబీహా..."

"ముందా, తర్వాతా?"

"ముందే."

"తెలిసి ఇచ్చావా నాకు?"

"ఇవ్వకపోతే?" ముసలామె గొంతు మొదటిసారి చీలింది. "వట్టి చేతుల్తో పంపిస్తే పెళ్లి పందిట్లోనే అడిగేవాళ్లు, తల్లిచెట్టుకు ఏమైందని. అంతకుముందు వెళ్లిన పిల్లలందరి బావుల దగ్గరికీ వెళ్లి చూసేవాళ్లు. అందరూ మెహ్రున్‌లయ్యేవాళ్లు. నీకు మాత్రం రాకూడదని రాత్రంతా దువా చేశా. అన్నిటికంటే మంచి కొమ్మ నీకే కోశానే. అల్లా సాక్షి."

సబీహాకు కోపం వస్తే అరిచేది, ఏడుపొస్తే ఏడ్చేది. ఏదీ రాలేదు. చిన్నప్పుడు తనకు జ్వరమొస్తే నెత్తిన తడిగుడ్డ వేసిన చేతులు అవి. పెళ్లినాడు మొక్కను తన ఒళ్లో పెట్టి, 'నువ్వెలా పచ్చగా ఉంటావో ఇదీ అలా ఉండాలి' అన్న నోరు అది. ఆ నోటికి అప్పుడే అంతా తెలుసు.

వీధి తలుపు దబదబా మోగింది.

"బడీ బీ! నమాజు అయింది. మీ మాట కోసం వచ్చాం."

ఆ గొంతు మక్సూద్ ఖాన్‌ది. దాదీ లేచి, చున్నీ సర్దుకుని, బుట్ట మీద తడిగుడ్డ కప్పింది. మనవరాలి వైపు చూడకుండా ఇంట్లోంచి వీధి గడప దాకా నడిచింది. సబీహా వెనకే వెళ్లి తలుపు చాటున, వెదురు తెర వెనక ఆగిపోయింది. బయట సందు నిండా జనం. చాలామంది భుజాల మీద గొడ్డళ్లు. ముందు మామగారు. ఆయన వెనకే సబీహా భర్త తాబిష్. అతని చేతిలో గొడ్డలి లేదు. నేల చూపులు చూస్తున్నాడు. బావమరిది తోట కొట్టడానికి రావడం అతనికి ఎలా ఉంటుందో సబీహాకు తెలుసు. తండ్రి మాట దాటలేని మనిషి అన్నదీ తెలుసు.

"అజ్మల్ మీ మనవడే, కాదనను," మక్సూద్ ఖాన్ అన్నాడు. "మాకూ సంతోషం కాదు. కానీ ఊరు తిండి లేక చావాలా? మీరు వద్దంటే వెనక్కి వెళ్తాం. సరేనంటే ఇప్పుడే వెళ్తాం. మీ ఇష్టం."

జనమంతా ఒకటే అనుకున్నారు. ముసలామె ఏడుస్తుంది, బతిమాలుతుంది, ఇంకో వారం గడువు అడుగుతుంది. సబీహా కూడా అలాగే అనుకుంది. నిజం చెప్పకపోయినా ఫర్వాలేదు, కనీసం వద్దని అంటే చాలు అని ఎదురుచూసింది.

దాదీ ద్వారబంధం పట్టుకుని నిలబడింది.

"నరుక్కోండి," అంది.

మక్సూద్ ఖాన్ కూడా బిత్తరపోయాడు. "బడీ బీ?"

"వినబడలేదా? నరుక్కోండి. వాడి వల్లే వచ్చింది. నా మాట చెప్పేశా."

దాదీ ఎందుకలా అందో సబీహాకు ఆ క్షణమే అర్థమైంది. అజ్మల్ మీద నేరం పడితే ఇంకెవరూ అంటు గురించి అడగరు. ఏ బావి దగ్గరికీ వెళ్లి చూడరు. సబీహా కాపురం నిలబడుతుంది. ముసలిది సొంత మనవడిని మనవరాలి కోసం బలి పెట్టింది. ఇప్పుడు సబీహా నోరు మూసుకుని తలుపు చాటున నిలబడితే చాలు, సాయంత్రానికి అత్తవారింట్లో రొట్టెలు చేసుకుంటూ ఉండొచ్చు.

జనం తోట వైపు కదిలారు.

వెదురు తెర పక్కకు పడింది. మామగారి ఎదుట ఎన్నడూ గొంతెత్తని కోడలు, తల మీద చున్నీ జారిపోయినా చూసుకోకుండా సందు మధ్యలోకి వచ్చి నిలబడింది.

"ఆగండి! అబ్బాజీ, నరకాలంటే ముందు మన బావి దగ్గరి చెట్టు నరకండి. ఈ రోగం అంటుతో వస్తుంది, మందుతో కాదు. మన తోటకు అది వచ్చింది నా కూతురుచెట్టుతోనే. ఒళ్లో పెట్టుకుని మీ ఇంటికి తెచ్చింది నేనే."

మక్సూద్ ఖాన్ అడుగు అక్కడే ఆగిపోయింది. వెనకాల నిలబడ్డవాళ్లలో ఒకరిద్దరు అప్పుడే వేళ్లు మడిచి లెక్క చూసుకోవడం మొదలుపెట్టారు. తమ ఇంటి కోడలు ఏ ఇంటి పిల్ల, తమ బావి దగ్గరి చెట్టు ఎక్కడిది అని. ఒక్కొక్కరి ముఖమూ పాలిపోతోంది.

తాబిష్ తండ్రిని దాటుకుని ముందుకొచ్చాడు. పెళ్లైనప్పటి నుంచి నలుగురిలో భార్యతో మాట్లాడి ఎరుగడు. ఇప్పుడు ఆమె కళ్లలోకే చూశాడు.

"తెలిసి తెచ్చావా?"

అంతే అడిగాడు. లేదు అంటే తరువాతి ప్రశ్న ఏమిటో సబీహాకు తెలుసు. మరి తెలిసిందెవరికి? ఆమె పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. తాబిష్ ఆ మౌనాన్ని ఇంకోలా అర్థం చేసుకుంటున్నాడని అతని కళ్లే చెబుతున్నాయి.

"దానికి తెలీదు నాయనా." వెనక నుంచి దాదీ గొంతు వచ్చింది. ముసలామె గడప దిగింది. కర్ర కూడా తీసుకోలేదు. "ఈ ఊళ్లో తెలిసింది నాకొక్కదానికే. తెలిసే ఇచ్చాను. దీనికీ, దీనికి ముందు వెళ్లినవాళ్లకీ. పెరట్లో బుట్ట ఉంది, వెళ్లి చూసుకోండి. అజ్మల్ గురించి నేనన్నది అబద్ధం. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా."

ఎవరూ పెరట్లోకి వెళ్లలేదు. ఇక చూడనవసరం లేకపోయింది. అజ్మల్ తోట సంగతి అక్కడున్న ఒక్కరికీ గుర్తు లేదు. ఒకడు గొడ్డలి దించి దాని మీదే కూలబడ్డాడు. ఇంకొకడు తన ఇంటి వైపు పరుగెత్తాడు, బావి దగ్గరి చెట్టు దగ్గరికో, ఆ చెట్టు తెచ్చిన మనిషి దగ్గరికో.

"ఆగవయ్యా! ఆ పిల్లల తప్పేముంది!" దాదీ వాడి వెనక అరిచింది. వాడు ఆగలేదు.

మక్సూద్ ఖాన్ మాత్రం అరవలేదు, తిట్టలేదు. తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. మసీదు మెట్ల మీద తానన్న మాట ఊరంతా విన్నదని ఆయనకూ గుర్తొచ్చినట్టుంది. కోడలి ముఖం చూడకుండా కొడుకుతో అన్నాడు.

"పద తాబిష్. నీ భార్య పుట్టింట్లో ఉంది. ఉండనీ."

ఆయన వెనుదిరిగి నడిచాడు. జనం ఆయన వెనకే కదిలారు. తాబిష్ కదల్లేదు.